హోమ్ థియేటర్ ఆడియో: గది కొలతల నుంచి చివరి సెట్టింగ్ దాకా

"హోమ్ థియేటర్‌కు ఏ రిసీవర్ కొనమంటారు?" అని అడిగినవాళ్లను నేను తిరిగి అడిగేది ఒకటే. గది ఎంత, సోఫా ఎక్కడ? చాలామంది దగ్గర దీనికి జవాబు ఉండదు. వాట్లు చూసి రిసీవర్ (స్పీకర్లన్నిటినీ నడిపే పెట్టె) కొంటారు, మిగిలిన డబ్బుతో స్పీకర్లు, అప్పటికీ మిగిలితే లోతైన బేస్ ఇచ్చే సబ్‌వూఫర్. గది సంగతి లెక్కలోకే రాదు. ఇక ఇంట్లో సినిమా పెట్టిన దగ్గర్నుంచి మాటలు వినపడట్లేదని సౌండ్ పెంచడం, ఫైట్ రాగానే పక్క ఫ్లాట్ వాళ్లు తలుపు కొడతారని తగ్గించడం. రిమోట్ చేతిలోంచి దిగదు.

ఈ వరుసను తిరగేయాలి. మొదట గది, తర్వాత ముందు వరుస స్పీకర్లు, ఆ తర్వాత సబ్‌వూఫర్, రిసీవర్ చివర. ఉదాహరణకు ఒక మామూలు ఫ్లాట్‌లో 11 అడుగుల వెడల్పు, 13 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తున్న గదిని తీసుకుంటాను. మీ కొలతలు పెట్టుకుని చదువుకోండి.

1. టేపు పట్టుకుని గదిని కొలవండి

కాగితం మీద గది బొమ్మ గీయండి. తలుపు, కిటికీ, బీరువా, ఏసీ, ఫ్యాను, ప్లగ్ పాయింట్లు, టీవీ, సోఫా అన్నీ గుర్తించండి. షాపుకు వెళ్లేటప్పుడు ఈ కాగితం జేబులో ఉండాలి.

ఇప్పుడు చిన్న లెక్క. 565ని గది కొలతతో, అంటే అడుగులతో, భాగించండి. 13 అడుగులకు సుమారు 43 వస్తుంది. 11కి 51, 10కి 56. ఇవి హెర్ట్జ్‌లు, అంటే సెకనుకు ఎన్ని కంపనాలో చెప్పే అంకెలు, ఎంత తక్కువైతే అంత లోతైన బేస్. ఈ మూడు స్వరాల దగ్గర బేస్ తరంగం ఎదురెదురు గోడల మధ్య ఇరుక్కుపోతుంది. గోడల దగ్గర కూర్చుంటే గుంయ్‌మని ఉబ్బుతుంది, సరిగ్గా నడిమధ్య కూర్చుంటే దాదాపు మాయమవుతుంది. సబ్‌వూఫర్ ఎంత ఖరీదైనదైనా ఇది తప్పదు.

అందుకని వెనక గోడకు సోఫా ఆనించకండి, గదికి సరిగ్గా మధ్యలోనూ వేయకండి. వెనక గోడ నుంచి గది పొడవులో మూడో వంతు దగ్గర తల ఉంటే మేలు. మన గదిలో అది నాలుగు అడుగుల పైచిలుకు. అంత వీలు లేదంటే సోఫాను కనీసం ఒకటిన్నర అడుగు ముందుకు లాగి వినండి, తేడా మీకే తెలుస్తుంది. రూపాయి ఖర్చు లేని పని ఇది. ఇంట్లో ఒప్పించడమే కష్టం.

పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ పది పది అడుగులుండే గది అన్నిటికన్నా మొండిది. మూడు ఉబ్బులూ ఒకే స్వరం మీద వచ్చి పడతాయి. ఇంకో గది ఉంటే అదే ఎంచుకోండి.

2. చప్పట్లు కొట్టి చూడండి

మన ఇళ్లకు ఇటుక గోడ, సిమెంటు ప్లాస్టరింగ్, కింద టైల్స్, పైన స్లాబు. అన్నీ గట్టివే, శబ్దాన్ని మింగేది ఒక్కటీ లేదు. సోఫా దగ్గర నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. "ఠప్" అని ఆగిపోతే గది బాగున్నట్టు. "ఠప్-జ్యింగ్" అని స్ప్రింగు సాగినట్టు మోగితే, ఆ మోతే రేపు డైలాగుల మీద పేరుకుంటుంది.

దీనికి మందు ఇంట్లోనే ఉంది:

- టీవీకీ సోఫాకీ మధ్య నేల మీద దళసరి కార్పెట్. దొరక్కపోతే మడత పెట్టిన జంబుఖానా వేసి ముందు పరీక్షించండి.
- కిటికీకి కుచ్చులు పడేలా బరువైన కర్టెన్. బిగుతుగా లాగిన పలచటి తెర వల్ల లాభం లేదు.
- తోలు సోఫా కన్నా బట్ట సోఫా.
- వెనక గోడకు పుస్తకాల అర. పుస్తకాలు హెచ్చుతగ్గులుగా ఉంటే ఇంకా మంచిది.

పక్క గోడల మీద ఎక్కడ ప్యానెల్ పెట్టాలో తెలుసుకోడానికి అద్దం చాలు. మీరు సోఫాలో కూర్చోండి, ఇంకొకరు చిన్న అద్దాన్ని గోడకు ఆనించి మెల్లగా జరుపుతూ పోవాలి. ముందు స్పీకర్ అద్దంలో ఎక్కడ కనిపిస్తుందో అక్కడే శబ్దం గోడకు తగిలి మీ చెవికి వస్తోంది. ఆ చోట రెండు నుంచి నాలుగు అంగుళాల మందం రాక్‌వూల్ (రాతి నార) ప్యానెల్‌ను బట్ట చుట్టి పెట్టాలి.

కోడిగుడ్ల అట్టలు, థర్మోకోల్ మాత్రం అంటించకండి. అవి బేస్‌ను ఏమీ చేయలేవు, మాటల మోతను కూడా పెద్దగా తగ్గించవు, పైగా నిప్పంటుకుంటే ప్రమాదం. ఇంకో సంగతి. ఇవన్నీ గదిలోపలి మోతను తగ్గించేవే తప్ప శబ్దాన్ని పక్కింటికి పోకుండా ఆపేవి కావు. అది వేరే పని, గోడలు కట్టేటప్పుడు ఆలోచించాల్సింది.

3. ఎన్ని స్పీకర్లో తేల్చుకోండి

5.1 అంటే ముందు ఎడమ, మధ్య, కుడి, పక్కన రెండు సరౌండ్లు, ఒక సబ్‌వూఫర్. 5.1.2 అంటే వాటితోపాటు పైనుంచి వినిపించే ఇంకో రెండు. 7.1లో వెనక మరో రెండు ఉంటాయి.

అద్దె ఇల్లు, చిన్న గది, వైర్లు పాకించే వీలు లేదు అంటే సబ్‌వూఫర్ విడిగా ఉండే సౌండ్‌బార్ తీసుకోండి, తప్పేమీ లేదు. కానీ బార్‌లోనే అన్ని వైపుల శబ్దమూ పుట్టిస్తామన్న ప్రకటన నమ్మి ఎక్కువ పెట్టకండి. వెనక నుంచి వినిపించాలంటే వెనక స్పీకర్ ఉండాలి.

సొంత గది ఉండి డబ్బు ఒక్కసారే పెట్టలేని వాళ్లకు నా సలహా 3.1తో మొదలుపెట్టమని. మంచి ముందు మూడు, ఒక సబ్‌వూఫర్, ఏడు ఛానళ్ల రిసీవర్. సరౌండ్లు ఆరు నెలల తర్వాత, పై స్పీకర్లు ఆ తర్వాత. అదే డబ్బును మొదటిరోజే తొమ్మిది స్పీకర్లకు పంచితే తొమ్మిదీ నాసిరకమే వస్తాయి.

సోఫా వెనక గోడకు దగ్గరగా ఉంటే 7.1 జోలికి పోకండి. వెనక స్పీకర్లు తల వెనకే అరుస్తాయి. ఆ రెండు ఛానళ్లనూ పై స్పీకర్లకు వాడుకోవడం మేలు.

బడ్జెట్‌ను వంద రూపాయలనుకుంటే నేను పంచేది ఇలా: ముందు మూడు స్పీకర్లకు 38, రిసీవర్‌కు 27, సబ్‌వూఫర్‌కు 20, సరౌండ్లకు 10, వైర్లు, స్టాండ్లు, ప్లగ్గులకు 5. వైర్లకు పక్కన పెట్టకపోతే చివర్లో దొరికిన వైరు కొంటారు. ఆ కథ కింద చెబుతాను.

అన్నీ కలిపి ఒకే పెట్టెలో వచ్చే సెట్టు కొనేముందు దాని వెనక ప్లగ్గులు చూడండి. కొన్నిటిలో స్పీకర్ల ఇంపీడెన్స్ (కరెంటుకు స్పీకర్ చూపే అడ్డు) 3 ఓమ్‌లు, ప్లగ్గులు ఆ కంపెనీవే. రేపు రిసీవర్ పాడైతే స్పీకర్లు కూడా అటకెక్కుతాయి.

4. ముందు మూడు స్పీకర్లు: అసలు ఖర్చు ఇక్కడ

సినిమాలో మాటలన్నీ దాదాపుగా మధ్య స్పీకర్ నుంచే వస్తాయి. డైలాగ్ వినపడట్లేదని ఫిర్యాదు వస్తే నేను మొదట చూసేది దాన్నే. ఎక్కువ ఇళ్లలో అది టీవీ కింద, అరలో, సెట్‌టాప్ బాక్సు వెనక దాక్కుని ఉంటుంది.

కొనేటప్పుడు చూడాల్సినవి:

- మూడూ ఒకే కంపెనీ, ఒకే సిరీస్‌వి కావాలి. లేకపోతే కారు ఎడమ నుంచి కుడికి పోతుంటే మధ్యలో కారు మారినట్టు వినిపిస్తుంది.
- మన గదికి బుక్‌షెల్ఫ్ స్పీకర్లు చాలు. సబ్‌వూఫర్ ఎలాగూ ఉంది కాబట్టి టవర్ల బేస్‌కు పని తక్కువ. కాకపోతే బుక్‌షెల్ఫ్‌కు స్టాండ్ కొనాలని గుర్తుంచుకోండి.
- సెన్సిటివిటీ, అంటే ఒక వాటుకు మీటరు దూరంలో వచ్చే శబ్దం, ఎంతో చదవండి. 87 డెసిబెల్స్, 90 డెసిబెల్స్ అని రాసి ఉంటుంది. మూడు డెసిబెల్స్ తేడా అంటే అదే శబ్దానికి సగం వాట్లు చాలన్నమాట.
- ఇంపీడెన్స్ 6 లేదా 8 ఓమ్‌లు ఉంటే చవక రిసీవర్ కూడా ఇబ్బంది పడదు. 4 ఓమ్‌లయితే రిసీవర్ వాటిని నడపగలదో లేదో మాన్యువల్‌లో చూసుకోవాలి.

షాపులో వినడానికి ఒక పద్ధతి ఉంది. వాళ్లు పెట్టే డెమో వద్దనండి. అందులో పేలుళ్లు, హెలికాప్టర్లు తప్ప ఏమీ ఉండవు, ఏ స్పీకర్ మీదైనా బాగానే ఉంటాయి. మీకు కంఠతా వచ్చిన మూడింటిని తీసుకెళ్లండి. ఒకటి ఇద్దరు గొంతు తగ్గించి మాట్లాడుకునే సీను. రెండోది బరువైన మగ గొంతు. ఆ గొంతు డ్రమ్ములోంచి వచ్చినట్టుంటే ఆ స్పీకర్ వదిలేయండి. మూడోది డప్పు గానీ మృదంగం గానీ ఉన్న పాట. డప్పు దెబ్బకు దెబ్బ విడిగా వినపడాలి, మృదంగం ఎడమవైపు దెబ్బ పడ్డాక సాగి ఆగాలి, అంతేగాని అన్నీ కలిసి ముద్దవకూడదు.

రెండు స్పీకర్లను పోల్చేటప్పుడు సౌండ్ సమానంగా ఉందో లేదో మీరే చూసుకోండి. కొంచెం ఎక్కువ సౌండ్ ఉన్నదే చెవికి మంచిదనిపిస్తుంది. అమ్మేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ వేసుకుంటే ఈ పోలికకు సరిపోతుంది. మధ్య స్పీకర్‌ను ఒక్కదాన్నే మోగించి వినండి. ఎదురుగా ఒకసారి, పక్కకు మూడడుగులు జరిగి ఒకసారి. పక్కన కూర్చున్నవాళ్లకు గొంతు పల్చబడితే అది మీ సోఫాకు సరిపోదు.

5. సబ్‌వూఫర్: అంగుళాలొక్కటే చూడొద్దు

సినిమా పేలుళ్లలో 20 నుంచి 40 హెర్ట్జ్ మధ్య చాలా ఉంటుంది. డబ్బా సెట్లలో వచ్చే ఆరున్నర అంగుళాల సబ్‌వూఫర్ అంత కిందికి దిగదు. దిగలేక 60 దగ్గర దడదడలాడుతుంది. దాన్నే జనం "మంచి బేస్" అనుకుంటున్నారు.

మన గదికి 10 లేదా 12 అంగుళాలది చాలు. స్పెసిఫికేషన్‌లో ఎంత కిందికి దిగుతుందన్న అంకె పక్కన "ప్లస్ ఆర్ మైనస్ 3 డెసిబెల్స్" లాంటి హద్దు ఉందో లేదో చూడండి. హద్దు లేకుండా "20 హెర్ట్జ్ నుంచి" అని మాత్రమే ఉంటే ఆ అంకెకు విలువ లేదు. మూసిన పెట్టెలో బేస్ బిగువుగా ఉంటుంది, పైపు ఉన్న పెట్టె అదే ధరకు ఇంకొంచెం కిందికి, ఇంకొంచెం గట్టిగా మోగుతుంది. సినిమాలకే అయితే పైపు ఉన్నదే నా ఓటు.

సోఫాలో నలుగురు కూర్చుంటే ఒక పెద్దదాని కన్నా రెండు మధ్యస్తం సబ్‌వూఫర్లు అందరికీ సమానంగా బేస్ ఇస్తాయి. ఒకేసారి కొననక్కర్లేదు, రిసీవర్‌కు రెండు సబ్ అవుట్‌పుట్లు ఉంటే చాలు.

6. రిసీవర్ ఇప్పుడు చూడండి

వాట్ల భయం ముందు పోగొట్టుకుందాం. స్పీకర్ సెన్సిటివిటీ 87, మీరు 8 అడుగుల దూరంలో ఉన్నారు. దూరానికి 8 పోగా ఒక వాటుకు మీ చెవి దగ్గర 79 డెసిబెల్స్. 10 వాట్లకు 89. అక్కణ్నుంచి వాట్లు రెట్టింపైన ప్రతిసారీ మూడు కలుస్తాయి. 20కి 92, 40కి 95. 95 అంటే ఫ్లాట్‌లో గొడవ జరిగే శబ్దం. గది గోడలు కలిపేది నేను లెక్కలో వేయలేదు కూడా. అంటే నిజంగా 60 నుంచి 80 వాట్లు ఇచ్చే రిసీవర్ ఈ గదికి ఎక్కువే. 80 వాట్లకూ 100 వాట్లకూ తేడా ఒక్క డెసిబెల్, చెవికి అంతంత మాత్రం.

"నిజంగా" అన్న మాట గమనించండి. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండే అంకె తరచుగా ఒక్క ఛానల్, 6 ఓమ్‌లు, 1 కిలోహెర్ట్జ్, 10 శాతం డిస్టార్షన్ (శబ్దం చెడటం) దగ్గర కొలిచినది. మీకు కావలసిన వాక్యం మాన్యువల్‌లో ఉంటుంది: 8 ఓమ్‌లు, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్, రెండు ఛానళ్లు నడుస్తుండగా, 0.1 శాతం లోపు డిస్టార్షన్. పీఎంపీవో (క్షణంపాటు వచ్చే గరిష్ఠ శక్తి అనే ప్రకటనల అంకె) అని వేలల్లో వాట్లు రాసి ఉంటే ఆ డబ్బాను అక్కడే పెట్టేయండి.

ఇక చూడాల్సినవి:

- టీవీకి కలిపే హెచ్‌డీఎమ్‌ఐ పోర్టు ఈఆర్క్ (టీవీ శబ్దాన్ని అదే వైరులో రిసీవర్‌కు తిప్పి పంపే ఏర్పాటు, ఆర్క్‌కు మెరుగైన రూపం) అయి ఉండాలి, టీవీలోనూ ఉండాలి. ఓటీటీల అట్మాస్‌కు (పైనుంచి కూడా శబ్దం వినిపించే డాల్బీ పద్ధతి) మామూలు ఆర్క్ కూడా సరిపోతుంది. కానీ బ్లూరే డిస్కుల్లోని డాల్బీ ట్రూహెచ్‌డీ లాంటి పెద్ద ట్రాక్‌లు టీవీ ద్వారా రావాలంటే ఈఆర్క్ కావాలి.
- ఆప్టికల్ వైరులో డాల్బీ డిజిటల్ 5.1 వరకే పోతుంది. అట్మాస్ పోదు.
- గదిని మైకుతో కొలిచి సరిదిద్దే పద్ధతి ఉండాలి. డెనాన్, మరాంట్జ్‌లలో ఆడిస్సీ, యమహాలో వైపీఏవో, మరికొన్నిటిలో డిరాక్ ఉంటాయి.
- గేమింగ్ కన్సోల్ ఉంటే హెచ్‌డీఎమ్‌ఐ 2.1 ఇన్‌పుట్లు ఎన్నో చూడండి. లేకపోతే వాటికోసం ఎక్కువ పెట్టకండి.

అమెరికా నుంచి తెప్పించుకునేవాళ్లకు ఒక మాట. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. వెనక లేబుల్ మీద "100-240" అని ఉంటే సరే. "120" అని మాత్రమే ఉంటే నేరుగా పెట్టిన క్షణంలో పొగ చూస్తారు. రిసీవర్లలో, కరెంటు ప్లగ్గున్న సబ్‌వూఫర్లలో ఇలా 120 మాత్రమే ఉండేవి చాలా. వోల్టేజీ తగ్గించే బరువైన ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, అది లెక్కలో వేస్తే లాభం చాలావరకు కరిగిపోతుంది. కరెంటు ప్లగ్గు లేని మామూలు స్పీకర్లకైతే ఈ బాధ లేదు. అన్నయ్య వస్తున్నాడంటే స్పీకర్లు తెమ్మనండి, రిసీవర్ ఇక్కడే కొనండి. వారంటీ దేశం దాటి పనిచేస్తుందో లేదో కూడా కొనకముందే అడగాలి.

7. వైర్లు, పైపులు

కొత్తగా కట్టుకుంటున్న ఇల్లయితే ప్లాస్టరింగ్‌కు ముందే ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడండి. తర్వాత గోడ చెక్కించాల్సి వస్తే దుమ్ము, ఖర్చు, ఇంట్లో మాటలు అన్నీ పడాలి.

- స్పీకర్ వైర్ల పైపు వేరు, కరెంటు పైపు వేరు. రెండూ పక్కపక్కనే దూరం పోకూడదు. అడ్డం వస్తే నిలువుగా దాటించండి.
- హెచ్‌డీఎమ్‌ఐకి లావు పైపు వేయించండి. ముప్పావు అంగుళం పైపులో దాని తల దూరదు. మూలల్లో నేరుగా తిరిగే మలుపులు వద్దు.
- ప్రతి పైపులో లాగడానికి ఒక తీగ వదిలిపెట్టమనండి.
- 5 మీటర్లు దాటితే 4కే బొమ్మ మామూలు రాగి హెచ్‌డీఎమ్‌ఐలో మొరాయించవచ్చు. ఫైబర్ హెచ్‌డీఎమ్‌ఐ తీసుకోండి. దానికి ఏ కొస టీవీకి, ఏ కొస రిసీవర్‌కి అన్నది రాసి ఉంటుంది. గోడలో దూర్చాక తిరగబడిందని తెలిస్తే ఏడుపొస్తుంది.

స్పీకర్ వైరు 1.5 చదరపు మిల్లీమీటర్లది ఈ గదికి బోలెడు. 15 మీటర్లు దాటినా, 4 ఓమ్‌ల స్పీకర్లయినా 2.5ది వేయండి. పూర్తి రాగి కావాలి. నేను మొదటిసారి ఒక షాపులో "ప్యూర్ కాపర్" అని అమ్మిన వైరు కొన్నాను. ఇంటికొచ్చి బ్లేడుతో గీస్తే లోపల తెల్లగా అల్యూమినియం, పైన రాగి పూత. అప్పటినుంచీ కౌంటర్ దగ్గరే గీసి చూపించమంటాను. మీటరుకు వేలు పెట్టే వైర్ల అవసరం మాత్రం ఎవరికీ లేదు.

వైర్‌లెస్ సరౌండ్లు అన్నా ప్రతిదానికీ కరెంటు ప్లగ్గు కావాలని మర్చిపోకండి.

8. ఏది ఎక్కడ పెట్టాలి

ముందు ఎడమ, కుడి: మీరు కూర్చున్న చోటి నుంచి ఒక్కోటి 22 నుంచి 30 డిగ్రీలు పక్కకు ఉండాలి. కోణమానిని అక్కర్లేదు. 8 అడుగుల దూరానికి రెండింటి మధ్య ఆరున్నర నుంచి తొమ్మిది అడుగులు. మన 11 అడుగుల గోడకు ఏడున్నర పెడితే పక్క గోడలకూ ఊపిరాడుతుంది. ట్వీటర్ (సన్నని స్వరాలు పలికే చిన్న స్పీకర్) మీ చెవి ఎత్తులో ఉండాలి.

మధ్య: టీవీ కిందే పెట్టండి, కానీ అర అంచుకు లాగి, కింద రబ్బరు ముక్క పెట్టి మొహం మీ చెవివైపు పైకి ఎత్తండి. ముందున్న వినాయకుడి బొమ్మ, రిమోట్ల పెట్టె తీసేయండి.

సరౌండ్లు: చెవికి పక్కన, కాస్త వెనగ్గా, 110 నుంచి 120 డిగ్రీల దగ్గర, చెవి ఎత్తు కన్నా ఒకటి రెండు అడుగులు పైన. మా బాబాయ్ ఇంట్లో వీటిని స్లాబు మూలల్లో వినాయక చవితి మైకుల్లా బిగించారు. వాన శబ్దం వెనక నుంచి కాదు, డాబా మీద నుంచి వచ్చేది.

పై స్పీకర్లు: ఫాల్స్ సీలింగ్ ఉంటే అందులోనే, సోఫాకు కొంచెం ముందుగా. ఉత్త స్లాబు అయితే చిన్న స్పీకర్లను బ్రాకెట్లతో బిగించండి. శబ్దాన్ని పైకి కొట్టి స్లాబు నుంచి తిప్పి పంపే రకం కొనాలంటే సీలింగ్ చదునుగా, 8 నుంచి 12 అడుగుల ఎత్తులో ఉండాలి. పీవోపీ డిజైన్ల కింద గానీ, దారిలో ఫ్యాను తిరుగుతుంటే గానీ ఆ డబ్బు వృథా.

సబ్‌వూఫర్: మూలలో పెట్టి వదిలేయకండి. దాన్ని తాత్కాలికంగా సోఫాలో మీరు కూర్చునే చోట పెట్టండి. బేస్ బాగా నడిచే పాట పెట్టి, గోడల వెంట మోకాళ్ల మీద పాకుతూ వినండి. ఒక చోట గుంయ్‌మంటుంది, ఒక చోట ఉండదు, ఒక చోట ప్రతి స్వరమూ సమానంగా వినిపిస్తుంది. సబ్‌వూఫర్ పెట్టాల్సింది ఆ మూడో చోట. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. ఆ చోటు పక్క ఫ్లాట్ గోడకు ఆనుకుని ఉంటే రెండో మంచి చోటు వెతకండి. కింద ఫోమ్ ప్యాడ్ వేస్తే నేలకు తగిలే అదురు తగ్గుతుంది. గాల్లో పోయే బేస్ మాత్రం ఆగదు.

రిసీవర్: తలుపున్న క్యాబినెట్లో వద్దు. పైన కనీసం నాలుగు అంగుళాలు ఖాళీ వదలండి. మే నెలలో గది వేడికి దాని వేడి తోడైతే తనంతట తనే ఆగిపోతుంది. దాని మీద సెట్‌టాప్ బాక్సు పెట్టడం ఇంకా తప్పు.

9. కలపడం, సరిచేయడం: ఈ వరుసలోనే

మొదట అన్నిటి కరెంటూ తీసేయండి. వైరు కొస మెలితిప్పి బనానా ప్లగ్గులో బిగించండి. ఎరుపు ఎరుపుకు, నలుపు నలుపుకు. ఒక్క పోగు పక్క టెర్మినల్‌కు తగిలినా రిసీవర్ ప్రొటెక్షన్‌లోకి వెళ్లి ఆగిపోతుంది. రాత్రి పదకొండింటికి ఆ పోగు కోసం టార్చి పట్టుకుని వెతికాను కాబట్టి చెబుతున్నాను.

తర్వాత టీవీ సెట్టింగ్స్. ఈఆర్క్ ఆన్, సీఈసీ (టీవీ, రిసీవర్ ఒకదాన్నొకటి నడిపించుకునే సెట్టింగ్) ఆన్, డిజిటల్ ఆడియో అవుట్‌పుట్ "పాస్ త్రూ" లేదా "ఆటో". పీసీఎం అని ఉంటే రిసీవర్‌కు స్టీరియో మాత్రమే వెళ్లే అవకాశం ఉంది.

సబ్‌వూఫర్ వెనక క్రాసోవర్ (ఏ స్వరం కింది శబ్దం సబ్‌వూఫర్‌కు పోవాలో తేల్చే హద్దు) నాబ్‌ను చివరిదాకా తిప్పేయండి, లేదా "ఎల్‌ఎఫ్‌ఈ" అని ఉంటే అక్కడ పెట్టండి. ఆ పని రిసీవర్ చేస్తుంది. వాల్యూమ్ నాబ్ సగంలో.

ఇప్పుడు మైకు. ఫ్యాన్లు, ఏసీ ఆపేయండి, వంటింట్లో మిక్సీ వద్దనండి. మైకును ట్రైపాడ్ మీద చెవి ఎత్తులో పెట్టాలి. చేత్తో పట్టుకోవద్దు, సోఫా దిండు మీద ఆనించవద్దు. మొదటి కొలత మీరు కూర్చునే చోట, మిగతావి దాని చుట్టూ రెండడుగుల లోపే. గది నాలుగు మూలలా కొలిచేవాళ్లున్నారు, అక్కడ కూర్చుని ఎవరూ సినిమా చూడరు.

కొలత అయ్యాక చేత్తో చూడాల్సినవి:

- స్పీకర్లన్నీ "స్మాల్" అని మార్చండి, అప్పుడు లోతైన బేస్ సబ్‌వూఫర్‌కు పోతుంది. రిసీవర్ "లార్జ్" అని రాసినా సరే. క్రాసోవర్ 80 హెర్ట్జ్‌తో మొదలుపెట్టండి. మరీ చిన్న సరౌండ్లకు 100 లేదా 120.
- స్పీకర్ల దూరాలు టేపు కొలతకు దగ్గరగా ఉన్నాయో చూడండి. సబ్‌వూఫర్ దూరం మాత్రం అసలు కన్నా ఎక్కువ చూపించవచ్చు. దాన్ని దిద్దకండి. లోపలి సర్క్యూట్‌లో జరిగే ఆలస్యాన్ని కలుపుకుని రాసిన అంకె అది.
- సబ్‌వూఫర్ లెవల్ మైనస్ 12 లాంటి అట్టడుగు అంకెలో ఉంటే దాని వాల్యూమ్ నాబ్ తగ్గించి మళ్లీ కొలవండి.
- మాటలు ఇంకా స్పష్టంగా కావాలంటే మధ్య స్పీకర్ లెవల్ రెండు డెసిబెల్స్ పెంచండి. మూడు దాటితే గొంతులన్నీ టీవీలో అతుక్కుపోయినట్టుంటాయి.

10. ఏదో తేడాగా ఉంది అనిపిస్తే

బేస్ పల్చగా ఉంది, గొంతు ఎక్కడినుంచి వస్తుందో తెలియట్లేదు. ఎక్కడో ఎరుపు నలుపు తారుమారైంది. రిసీవర్ నుంచి వైరు తీసి, ఆ కొసలకు 1.5 వోల్టుల పెన్సిల్ సెల్లును క్షణం పాటు తాకించండి. ప్లస్ ఎరుపు తీగకు తగిలినప్పుడు వూఫర్ (స్పీకర్‌లోని పెద్ద కోన్) బయటికి కదలాలి. లోపలికి పోతే ఆ వైరు తిరగబడినట్టే.

ఎప్పుడూ సన్నగా హమ్ శబ్దం. సెట్‌టాప్ బాక్సు వెనక కేబుల్ వైరు పీకి చూడండి. ఆగిపోతే దొంగ దొరికాడు, ఆ వైరుకు ఐసోలేటర్ వేయించండి. ఆగకపోతే ఎర్తింగ్ చూపించండి. మూడో పిన్ను విరిచేసే చిట్కా ఎవరు చెప్పినా వినకండి, అది ప్రాణం మీదికి తెస్తుంది. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద మాత్రమే హమ్ వస్తే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయి ఉండవచ్చు.

అట్మాస్ సినిమా అన్నారు, రిసీవర్ తెర మీద స్టీరియో అని కనిపిస్తోంది. టీవీ అవుట్‌పుట్, యాప్ ప్లాన్, సినిమాలో ఎంచుకున్న భాష, ఈ వరుసలో చూడండి. ఒకే సినిమాకు ఒక భాష ట్రాక్ 5.1గా, ఇంకోటి స్టీరియోగా ఉండటం మామూలే. లాప్‌టాప్ బ్రౌజర్‌లో చూస్తే తరచుగా స్టీరియోనే.

పెదవులు ముందు, మాట వెనక. లేదా మాట ముందు. రిసీవర్‌లో గానీ టీవీలో గానీ లిప్‌సింక్ సెట్టింగ్‌ను 20 మిల్లీసెకన్ల చొప్పున జరపండి. మాట ఆలస్యమవుతుంటే ఇప్పటికే పెట్టి ఉన్న డిలేను తగ్గించాలి. సినిమాకు బ్లూటూత్ వాడకండి.

రాత్రిపూట ఫైట్లు మోత, మాటలు గుసగుస. "నైట్ మోడ్" లేదా "డైనమిక్ రేంజ్ కంప్రెషన్" ఆన్ చేయండి, సబ్‌వూఫర్‌ను ఐదారు డెసిబెల్స్ తగ్గించండి. అందుకే రిమోట్‌లో సబ్ లెవల్ బటన్ ఉన్న రిసీవర్ మంచిది.

వానాకాలం ఉరుములు మొదలవగానే కరెంటు ప్లగ్గే కాదు, కేబుల్ వైరు, ఇంటర్నెట్ వైరు కూడా పీకేయండి. పిడుగు దెబ్బ వాటిలోంచి కూడా వస్తుంది. ఆర్నెల్లకోసారి రిసీవర్ ప్లగ్గు తీసి, పై జాలీ మీది దుమ్మును బ్రష్షుతో దులపండి. చీమలు, బల్లులు ఆ వెచ్చదనానికి చేరతాయి.

అన్నీ కుదిరాక దూరాలు, లెవళ్లు, క్రాసోవర్లు ఉన్న స్క్రీన్లను ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. పిల్లలు ఏదో నొక్కి ఫ్యాక్టరీ రీసెట్ అయిన రోజున మైకు మళ్లీ వెతుక్కోనక్కర్లేదు, ఆ ఫొటోలు చూసి పది నిమిషాల్లో అంకెలన్నీ కొట్టేయొచ్చు.